నాన్నగారి ఫ్యాను కోసం

మాస్టారికి గాలి ఆడాలన్న తీర్మానం ఆ ఇంట్లో ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకించినవారు లేరు. తటస్థంగా ఉన్నవారూ లేరు. మాస్టారిని ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ఓటు లెక్కలోకి రాలేదు.

జరిగిందేమిటంటే, ఆ వేసవిలో కరెంటు సరిగ్గా భోజనాల వేళకి పోయి, ఎండ చల్లబడ్డాక తీరిగ్గా వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం మాస్టారు కుర్చీలోంచి లేవబోయి, కళ్లు తిరిగి, మళ్లీ అదే కుర్చీలో కూలబడ్డారు. కుర్చీ ఇంకా అక్కడే ఉండటం తన అదృష్టమని ఆయన అనుకున్నారు. డాక్టరు వచ్చి నాడి చూసి, నాలుక చూసి, "పెద్దాయనకి ఉక్కపోత పడదు. కరెంటు ఉన్నా పోయినా ఈయన ఫ్యాను మాత్రం ఆగకూడదు," అని చెప్పి వెళ్లారు. డాక్టర్లు మాటలు ఇంకాస్త చూసుకుని వాడాలి. "ఈయనకి గాలి తగలాలి" అని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మాస్టారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఉత్తరం వైపు గదిలో, రెండు కిటికీల మధ్య ఒక మంచం, ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాను, ఇంతే ఆయన సామ్రాజ్యం. ఆ ఫ్యాను మెడ కుడివైపు చివరిదాకా వెళ్లి, ఒక్క క్షణం ఆలోచించి, 'టక్' మని ఇటు తిరిగేది. ఆగకుండా కొట్టే గాలిలో లేని సుఖం, ఎదురుచూడగా వచ్చే గాలిలో ఉందని ఆయన అభిప్రాయం. ఇలాంటి అభిప్రాయాలు ఆయన బయట పెట్టేవారు కాదు.

కొడుకు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. రాబోయే ప్రమాదాన్ని తలుచుకోకుండా అతను చెప్పులు కూడా వేసుకోడు. కోడలు స్కూల్లో లెక్కలు చెబుతుంది. వీళ్లిద్దరూ హాల్లో సమావేశం ఏర్పాటు చేసి, నిపుణుడి హోదాలో కోడలి తమ్ముడిని పిలిపించారు. అతను ఏ వస్తువు గురించైనా దొరికిన వీడియోలన్నీ చూసి, చివరికి ఏదీ కొనని మనిషి. అందుకే అతని మాటలో పక్షపాతం ఉండదని ఇంట్లో అందరికీ నమ్మకం.

"వాట్ అంటే ఆకలి బావా," అని నిపుణుడు మొదలుపెట్టాడు. "వాట్-అవర్ అంటే గిన్నెలో ఉన్న తిండి. ఎవరి ఆకలెంతో తేలితే ఎంత గిన్నె కొనాలో తేలిపోతుంది."

"నాన్నగారి ఫ్యాను ఆకలెంత?"

"యాభై వాట్లు. పిచ్చుక తిండి. చిన్న బ్యాటరీ బాక్సు చాలు. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. చేత్తో పట్టుకుని ఏ గదికైనా వెళ్లొచ్చు. మధ్యాహ్నమంతా ఫ్యాను హాయిగా తిరుగుతుంది."

కొడుకు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి... టిఫిన్ క్యారియరా?"

"చిన్నది చాలురా," అన్నారు మాస్టారు.

"మీరు ఊరుకోండి నాన్నగారూ. ఇది మీ ఆరోగ్యానికి సంబంధించిన విషయం. మీరు మధ్యలో మాట్లాడకూడదు."

ఆ విధంగా చిన్న బాక్సు తిరస్కరణకు గురైంది. పెద్ద బాక్సులో మిగిలే తిండి వృథా పోకూడదు కాబట్టి, నాన్నగారి సంక్షేమానికి ఇంకా ఏమేం అవసరమో ఆలోచించడం మొదలైంది. నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే డాక్టరుకి వీడియో కాల్ చేయాలి, కాబట్టి ఇంటర్నెట్ పెట్టె చేరింది. నాన్నగారు వార్తలు చూడకపోతే దిగులుపడతారని టీవీ చేరింది. ఆయన వార్తలు మానేసి చాలాకాలమైందని, దిగులు అప్పటినుంచే తగ్గిందని సభ దృష్టికి రాలేదు. ఆయనకి చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ చేరింది. ఆయన చెమట బట్టల కోసం వాషింగ్ మెషీన్ చేరింది.

"నా హెయిర్ డ్రయ్యర్?" అంది కోడలు.

"దానికీ నాన్నగారికీ ఏంటే సంబంధం?" అన్నాడు కొడుకు.

"బాగుందండీ! తడి జుట్టుతో తిరిగితే నాకు జలుబు చేస్తుంది. నాకు చేస్తే మామయ్యగారికి అంటుకుంటుంది. ఈ వయసులో ఆయనకి జలుబు పెట్టమంటారా?"

పెట్టమని ఎవరనగలరు? హెయిర్ డ్రయ్యర్ చేరింది.

కోడలు కూడిక చేసింది. మొత్తం చూసి తమ్ముడు ఈల వేశాడు. పైగా ఫ్రిజ్ ఊరికే లేవదని, బద్ధకస్తుడు ఒళ్లు విరిచినట్టు లేచేటప్పుడు రెండు మూడు రెట్లు లాగుతుందని చెప్పాడు. ఆ ఒళ్లు విరుపు కోసం ఇంకా పెద్ద బాక్సు కావాలన్నాడు. బ్యాటరీల్లో రకాల గురించి ఉపన్యసించి, ఫలానా రకమైతే ఎన్ని వేలసార్లు చార్జి చేసినా చెక్కు చెదరదని, పదిహేనేళ్లపాటు ఇంకొకటి కొనక్కర్లేదని ముగించాడు.

పదిహేనేళ్లు అనగానే అందరూ మాస్టారి వైపు చూశారు. వెంటనే ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. మాస్టారు వాళ్ల ఇబ్బంది గమనించి, ప్రయత్నిస్తానని మాటిచ్చారు.

బాక్సు వచ్చింది. అట్టపెట్టె మీద 'పోర్టబుల్' అని నాలుగు వైపులా అచ్చేసి ఉంది. రెండు వైపులా పిడులున్నాయి కాబట్టి అది నిజమే. సిమెంటు బస్తా కన్నా బరువుంది కాబట్టి ఆ నిజాన్ని పరీక్షించడానికి ఇద్దరు వస్తాదులు కావాలి. తెచ్చిన ఇద్దరూ గుమ్మంలో దింపి, చొక్కాలతో ముఖాలు తుడుచుకున్నారు.

"సార్, ఎక్కడ పెట్టాలో ఒక్కసారే చెప్పండి," అన్నాడు అందులో పెద్దవాడు. "తర్వాత మనసు మార్చుకుంటే మీరే జరుపుకోవాలి. మేం మాత్రం దొరకం."

ఎక్కడ పెట్టాలో వాడుక పుస్తకంలో స్పష్టంగా ఉంది. దానికి ఎండ తగలకూడదు. గాలి బాగా ఆడాలి. తేమ, దుమ్ము, వంటింటి వేడి పనికిరావు. చుట్టూ ఖాళీ ఉండాలి, ఎవరూ ఊరికే కదపకూడదు. డాక్టరు మాస్టారి గురించి చెప్పిన జాగ్రత్తలు కూడా దాదాపు ఇవే. ఇంట్లో ఇన్ని లక్షణాలున్న గది ఒక్కటే ఉంది. అందులో అప్పటికే ఒకరున్నారు.

"మీ కోసమే కదా నాన్నగారూ," అన్నాడు కొడుకు. "మీ దగ్గరే ఉంటే మీకూ ధైర్యం."

బాక్సు చుట్టూ ఖాళీ ఉండాలన్న నిబంధన వల్ల మొదట కుర్చీ బయటికొచ్చింది. తర్వాత మంచం వచ్చింది. మంచం వెనకాలే దిండు పట్టుకుని మాస్టారు వచ్చారు. సామ్రాజ్యాల పతనం గురించి ఆయన చాలా ఏళ్లు పాఠం చెప్పారు. ముందు బహుమతి వస్తుంది, తర్వాత ఒప్పందం వస్తుంది, ఆ తర్వాత మనం మంచం మోసుకుంటాం. హాల్లో చెప్పుల స్టాండుకీ వంటింటి గోడకీ మధ్య ఆయనకి చోటు దొరికింది. వెన్ను వైపు గోడ వెచ్చగా ఉండటం నడుంనొప్పికి మంచిదేనని ఆయన సర్దుకున్నారు.

మర్నాడు భోజనాల వేళకి, పెట్టిన ముహూర్తానికి వచ్చినట్టు కరెంటు పోయింది. ఇల్లంతా చప్పట్లు. అన్ని గదులకీ తీగలు లాగిన బాక్సు మీట కొడుకు నొక్కాడు. ఫ్రిజ్ ఒళ్లు విరిచింది, టీవీ అరిచింది, వాషింగ్ మెషీన్ కుదుపు అందుకుంది, కోడలు జుట్టు ఆరబెట్టుకుంది. నాన్నగారి సంక్షేమం అన్ని గదుల్లోనూ ఒకేసారి సాగుతుండగా బాక్సు బుసకొట్టి, కీచుమని కూత మొదలుపెట్టింది.

"వేడెక్కుతోంది అక్కా!" అని తమ్ముడు గది గుమ్మంలోంచి కేక వేశాడు. "దానికి గాలి కావాలి! ఏదైనా ఫ్యాను ఉందా?"

ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాను ఒక్కటే. అది ఎవరిదో మీకు తెలుసు. హాల్లో మాస్టారి మంచం పక్కనుంచి దాన్ని తీసుకెళ్లి బాక్సు ఎదురుగా స్టూలు మీద పెట్టారు. మెడ అటూ ఇటూ తిరిగితే సగం గాలి వృథా అని, వెనక బొడిపె లాగి తిరగకుండా చేశారు. తీగ బాక్సుకే తగిలించారు. బాక్సు ఫ్యానుని తిప్పింది, ఫ్యాను బాక్సుని చల్లబరిచింది, చల్లబడిన బాక్సు ఫ్యానుని తిప్పింది. ఒకరి కష్టం ఒకరు గుర్తించే ఇంత చక్కని కాపురం ఆ వీధిలో ఇంకొకటి లేదు.

"చూశారా నాన్నగారూ!" అన్నాడు కొడుకు, చెమట తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి. "కరెంటు పోయింది. మీ ఫ్యాను ఆగలేదు!"

మాస్టారి బనీను వీపుకి అతుక్కుపోయి ఉంది.

"సంతోషం రా. దాన్ని కాస్త ఇటు..."

"అయ్యో, అదెలా కుదురుతుంది? ఫ్యాను ఇటు తిప్పితే బాక్సు వేడెక్కుతుంది. బాక్సు వేడెక్కితే ఆగిపోతుంది. అది ఆగితే మీ ఫ్యాను ఆగిపోదూ?"

ఇందులో తప్పు పట్టడానికి మాస్టారు నిజాయితీగా ప్రయత్నించారు. వీలు కాలేదు. రాజు పన్నులు వేసింది సైన్యాన్ని పోషించడానికి. సైన్యాన్ని పోషించింది పన్నులు వసూలు చేయడానికి. ఇలా రాసిన పిల్లలకి ఆయనే పూర్తి మార్కులు వేశారు. ఇప్పుడు దిద్దుకోవడానికి ఆ పేపర్లు లేవు.

ఆయన మెల్లిగా లేచి, గోడ పట్టుకుని, వీధి వసారాలోకి వచ్చారు. పక్కింటి కుట్టుపని ఆవిడ తన వసారాలో కాళ్లతో తొక్కే మిషను మీద జాకెట్టు కుడుతోంది. రెండిళ్ల మధ్య సందులోంచి పల్చగా గాలి వస్తోంది. ఆవిడ ఆయన్ని చూసి, మిషను ఆపకుండానే ఒక కాలితో స్టూలు ఇటు జరిపింది.

"ఇలా కూర్చోండి మాస్టారూ. మొహం అలా పాలిపోయిందేంటి? మీ ఇంట్లో ఏదో పెద్ద మిషను దిగిందటగా?"

"నా కోసమే తెచ్చారమ్మా."

"మరి మీరిక్కడున్నారేంటి?"

"అది నా గదిలో విశ్రాంతి తీసుకుంటోంది."

ఆవిడ అప్పుడే సూది నోట్లో పెట్టుకోబట్టి నవ్వలేకపోయింది. ఒక గ్లాసు నీళ్లు మాత్రం ఇచ్చింది. ఆ మధ్యాహ్నం గట్టెక్కింది.

ఆదివారం చుట్టాలు బాక్సుని చూడటానికి వచ్చారు. కరెంటు కూడా మర్యాద పాటించి పోయింది. ఉత్తరం గదిలో అందరూ నిలబడగా కొడుకు ఇలా ప్రసంగించాడు: "మనల్ని పెంచి పెద్దచేసినవాళ్లకి మనం ఏం ఇవ్వగలం? ఆస్తులా? వాళ్లకి కావాల్సింది కాస్త గాలి. ఆ గాలి విషయంలో ఖర్చుకి వెనకాడేవాడు కొడుకే కాదు. మా నాన్నగారి సుఖం ముందు నాకు ఏ ఒళ్లు విరుపూ... క్షమించాలి, ఏ ఖర్చూ లెక్కలోది కాదు." పిన్నిగారు కళ్లొత్తుకున్నారు. ఇలాంటి కొడుకు అందరికీ పుట్టడని పెదనాన్నగారు ప్రకటించారు.

అప్పుడు కోడలి తమ్ముడికి ఫోటో ఆలోచన వచ్చింది. వసారాలోంచి మాస్టారిని పిలిపించి, బాక్సు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోటోలో సహజంగా ఉండాలని ఫ్యానుని ఆయన వైపు తిప్పారు.

గాలి వచ్చింది. నుదుటి మీద, మెడ మీద, చొక్కా గుండీల సందుల్లోంచి లోపలికి వచ్చింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"మామయ్యగారూ, కళ్లు మూశారు. ఇంకొకటి."

మాస్టారు క్షమాపణ చెప్పి, కళ్లు తెరిచి, తమ్ముడి వేలు ఫోన్ని తాకబోయే సమయానికి మళ్లీ మూశారు.

"మళ్లీ మూశారు!"

"వయసు నాయనా. ఇంకొకటి తియ్యి."

జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడని మనిషి అలా చాలాసేపు నటించారు. ఒకసారి కళ్లజోడు తుడుచుకున్నారు. ఒకసారి దగ్గు తెప్పించుకున్నారు. ఎడమవైపు నుంచి తీస్తే బాగుంటుందేమో అని సలహా కూడా ఇచ్చారు. చివరికి బాక్సు కూత పెట్టడంతో ఫ్యాను దాని యజమాని వైపు తిరిగిపోయింది. ఫోటోలన్నిటిలోనూ మాస్టారి కళ్లు మూసే ఉన్నాయి. పెదవుల మీద మాత్రం భార్య పోయాక ఎవరూ చూడని చిరునవ్వు ఉంది.

అందులో బాగా వచ్చినదాన్ని కొడుకు ఆ రోజే బాక్సు కంపెనీ వాళ్ల పేజీలో పెట్టి, కింద ఇలా రాశాడు: "కరెంటు పోయినా మా నాన్నగారు హాయిగా కునుకు తీస్తున్నారు. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు. అయిదు నక్షత్రాలు."

ఆ చిరునవ్వుని చూసి కరగని గుండె లేదు. కంపెనీ దాన్ని ప్రకటనగా వేసుకుంది. ఎవరెవరో ఏడ్చారు, ఎవరెవరో దణ్ణం గుర్తులు పెట్టారు, మాకూ ఒకటి కావాలని ఊళ్లకి ఊళ్లు ఆర్డర్లు పెట్టాయి. అలా పెట్టినవాళ్లలో మీరూ ఉన్నారు. మీ అభిరుచికి అభినందనలు. బాక్సు రెండు మూడు రోజుల్లో వస్తుంది, ఇద్దరు మనుషులు గుమ్మంలో దింపి ఎక్కడ పెట్టాలని ఒక్కసారే అడుగుతారు. తడుముకోకండి. మీ ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో ఎవరుంటున్నారో మీకు తెలుసు.