చెప్పకుండా రోడ్డు వేస్తారా?

గుంతలు లేని రోడ్డంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు! ఈ మాటకు పాఠకులు కోప్పడినా సరే, వెనక్కి తీసుకునేది లేదు.

గుంత మనిషికి క్రమశిక్షణ నేర్పుతుంది. నడుముకు వ్యాయామం ఇస్తుంది. బండి వెనక కూర్చుని ఫోన్లో మునిగిన పిల్లల్ని ఒక్క దెబ్బతో ఈ లోకంలోకి తెస్తుంది. సాఫీ రోడ్డు ఏం చేస్తుంది? నిద్రపుచ్చుతుంది!

నమ్మరా? అయితే నాచారం మహిపాల్ సంగతి వినండి. కడుపు చల్లగా బతుకుతున్న మనిషిని ఒక మంచి రోడ్డు ఎంత గోస పెట్టిందో మీకే తెలుస్తుంది.

మహిపాల్‌కు ఒక పికప్ ట్రక్కు ఉంది. నాచారంలో తారామణి అనే ఆవిడ క్యాటరింగ్ నడుపుతుంది. ఆమె వండించిన వంటలు ఉప్పల్ ఫంక్షన్ హాళ్ళకు చేర్చడం అతని పని. బిర్యానీతో పేచీ లేదు, ఎంత కుదిపినా అది బిర్యానీయే. పెరుగు మూత పెడితే నోరు మూసుకుని కూర్చుంటుంది. సాంబారు ఒక్కటే మాట వినదు. చిలకానగర్ మలుపు రాగానే గంజులోంచి లేచి, మూత తోసుకుని, ఊరు చూస్తానంటుంది.

ఒకసారి ఎవరిదో సీమంతానికి బయల్దేరిన సాంబారులో సగం దారిలోనే దిగిపోయింది. తారామణి అరవలేదు. అరిస్తే మహిపాల్‌కు అంత భయం వేసేది కాదు. గంజులోకి తొంగి చూసి, "మహిపాల్, ములక్కాడలు వచ్చినయ్. సాంబార్ ఏది?" అంది. మూత పెట్టేసి, "ఇంకోపారి గిట్లయితే కొమురెల్లి బండి మాట్లాడుకుంట. ఏమనుకోకు" అంది.

కొమురెల్లి కూడా కిరాయికి తిప్పేవాడే, అతని బండి కొత్తది, తళతళలాడుతుంటుంది. ఆ పని పోతే మహిపాల్‌కు ఇంకో కిరాయి దొరకదని కాదు. ఇసుక ఉంది, ఇటుక ఉంది. కానీ పెళ్ళికొచ్చిన జనమంతా ఆకలితో అతని హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. బండి గేటులోకి రాగానే "వచ్చింది, వచ్చింది" అంటారు. ఇసుక వస్తే ఎవరంటారు ఆ మాట?

భార్య రాణి పరిస్థితి అంతా విని రెండు ముక్కల్లో తేల్చేసింది. "సాంబార్ల నీళ్ళు తక్కువ పొయ్యమను, పప్పు అని చెప్పొచ్చు. లేకుంటే టైర్లు మార్చు. అరిగి నున్నగైనయ్, సూసుకున్నవా?"

మొదటి సలహా తారామణికి చెప్పే ధైర్యం లేక మహిపాల్ ఉప్పల్‌లోని టైర్ల షాపుకు వెళ్ళాడు. షాపు యజమాని పాండురంగ వచ్చిన ప్రతివాళ్ళనూ మొదట ఒకే ప్రశ్న అడుగుతాడు.

"అన్నా, నీ బండి రోడ్డు మీద ఎంత శాతం తిరుగుతది, రోడ్డు కాని దాని మీద ఎంత?"

అడవుల్లో, ఎడారుల్లో తిరిగేవాళ్ళయితే టక్కున చెబుతారు. మహిపాల్ మాత్రం పరీక్ష హాల్లో కూర్చున్నట్టు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

"నేను అడివిల తిరగనన్నా. నాచారం నుంచి ఉప్పల్ దాకనే."

"గదే అడుగుతున్న. అండ్ల రోడ్డు ఎంతుంటది?"

మహిపాల్ కళ్ళు మూసుకుని దారంతా తలచుకున్నాడు. వంటశాల ముందు సిమెంటు ముక్క ఉంది, అది రోడ్డే. అది దాటాక డ్రైనేజీకి తవ్వి వదిలేసిన మట్టి. తారు లేచిపోయి మిగిలిన కంకర. మలుపులో బురద, మండు వేసవిలో కూడా బురదే, ఎక్కడో పైపు కారుతోంది. ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసుకున్న ఇసుక కొంత. మెట్రో కింద అసలైన రోడ్డు ఉంది కానీ దాని మీద బండ్లు పెట్టుకుని పండ్లు అమ్ముతున్నారు.

"ఫంక్షన్ హాల్ లోపటి ర్యాంపు మాత్రం మస్తుంటదన్నా" అన్నాడు చివరికి.

"ఇగ సమజైంది. ఆల్ టెర్రైన్ టైర్లు తీస్కో, ఎసుంటి నేల మీదనైనా పోతయ్" అన్నాడు పాండురంగ.

చూశారా ఉప్పల్ వైభవం! మట్టి, రాయి, ఇసుక, బురద... ఒక్కొక్కటీ చూడాలంటే జనం సెలవులు పెట్టి దేశాలు తిరుగుతారు. మనకు సాంబారు చల్లారేలోపు అన్నీ అయిపోతాయి. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?

టైర్లు వేయించారు. వేలు పెడితే దాక్కునేంత లోతు గాడులు. రాణి హారతిచ్చి, టైరుకొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టింది. బండి కదిలితే మూడు చితికాయి. నాలుగోది మరీ చిన్నది. గాడిలో ఇరుక్కుని, నలగకుండా నవ్వుకుంటూ టైరుతో పాటే తిరిగింది.

"దిష్టి పోలే" అంది రాణి దిగులుగా.

"నిమ్మకాయనే ఒలకలేదు, ఇగ సాంబార్ ఒలుకుతదా?" అన్నాడు మహిపాల్.

నిజంగానే ఒలకలేదు! ఆ టైర్ల కింద చిన్న గుంతలు లెక్కలోకే రాలేదు. పెద్దవి మాత్రం తప్పించాలి. పెద్దవాటికి అతనే పేర్లు పెట్టుకున్నాడు. మిర్చి బండి మల్లవ్వ ఎదుట ఉండేది మల్లవ్వ గుంత. అది దాటాక ఏటీఎం గుంత. ఆ తర్వాత కవల గుంతలు. వానొచ్చి అన్నీ నీళ్ళతో నిండితే కళ్ళతో పనిలేదు, జ్ఞాపకంతోనే నడపాలి. మల్లవ్వ చోటు రాగానే కుడికి, ఏటీఎం బోర్డు కనబడగానే ఎడమకు. చేతులు వాటంతటవే తిరిగేవి.

"నీ బండిల సాంబార్‌కు నిద్ర పడుతున్నట్టుంది" అని తారామణి మెచ్చుకుంది కూడా. ఆ రోజు మహిపాల్ ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఘోరం జరిగింది. మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు వేశారు!

శ్రావణ మాసం పెళ్ళి. పొద్దున్నే ఇడ్లీ సాంబారు. ఇంకా చీకటి విడవని వేళ మహిపాల్ మలుపు తిరిగేసరికి దారంతా హెడ్‌లైట్లలో నల్లగా మెరుస్తోంది. రాత్రి వాన గట్టిగా పడి నీళ్ళు నిలిచాయనుకున్నాడు. మీరైనా అదే అనుకుంటారు. ఉప్పల్‌లో పుట్టి పెరిగినవాడు నల్లగా మెరిసేదాన్ని చూసి రోడ్డు అనుకుంటాడా?

జ్ఞాపకం మీద భారం వేశాడు. మల్లవ్వ చోటు దగ్గర కుడికి కొట్టాడు. రోజూ అయితే మట్టి మీద బండి కాస్త జారి మెత్తగా తిరిగేది. ఆ రోజు కొత్త టైర్లు కొత్త తారును గట్టిగా పట్టుకున్నాయి. వెనక మూత ఎగిరిన చప్పుడు. తమాయించుకునేలోపే ఏటీఎం బోర్డు కనబడింది, చేతులు ఎడమకు తిరిగాయి. గంజు పక్కకు ఒరిగింది.

నీళ్ళలో తడుస్తాయని ప్యాంటు మడుచుకుని దిగాడు పాపం. నీళ్ళు లేవు, గుంతా లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డు! దాని మీద సాంబారు ఎక్కడా ఆగకుండా, ఇంకకుండా, హాయిగా పారుతోంది.

ఎవరో పెద్దమనిషి దేన్నో ప్రారంభించడానికి వస్తున్నాడట. రాత్రికి రాత్రి వేసేశారు. ప్రజలకు ఒక్క మాట చెప్పారా? గుంత తవ్వితే కనీసం ఒక చెట్టు కొమ్మయినా గుచ్చుతారు. గుంత పూడిస్తే ఏ హెచ్చరికా లేదు! ఇది అన్యాయం కాదా?

పెళ్ళివారు ఇడ్లీ చట్నీతో తిన్నారు. పెళ్ళికొడుకు మేనత్త లక్ష్మీనర్సమ్మ మాత్రం తినలేదు. గరిటె పట్టుకున్న ప్రతివాళ్ళనూ ఆపి సాంబారు ఎక్కడని అడిగింది. తారామణి మొహం ఎర్రబడింది.

"గుంతల పడి ఒలికిందంటే చెప్పుకోనీకి ముఖముంటది. గుంత లేక ఒలికిందని ఎవలకు చెప్పాలె మహిపాల్? ఇగ నువ్వు విస్తరాకులు, నీళ్ళ క్యాన్లు తీస్కపో. సాంబార్ కొమురెల్లి తెస్తడు."

విస్తరాకులు! మహిపాల్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ. నేరుగా పాండురంగ దగ్గరికి పోయి, "అన్నా, ఇవి తీసేయ్. రోడ్డు మీద నడిచే టైర్లు పెట్టు" అన్నాడు.

"రోడ్డు టైర్లా? గిరాకీ లేదని తెప్పిస్తలేనన్నా" అన్నాడు పాండురంగ. తర్వాత జాలిపడి భుజం మీద చెయ్యి వేశాడు. "అయినా టైర్లు మార్చుడెందుకు? జర ఓపిక పట్టు. రోడ్డే మారుతది."

పాండురంగ వ్యాపారంలో తలపండినవాడు. పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి వెళ్ళాడు. మరుసటి వారమే పైపుల వాళ్ళు వచ్చి తవ్వారు. వాళ్ళు పూడ్చీ పూడ్చకముందే కేబుల్ వాళ్ళు వచ్చి తవ్వారు. కొమురెల్లి తళతళలాడే బండి సాంబారుతో సహా ఆ గుంతల్లో ఒకదాంట్లో కూర్చుంది.

మహిపాల్ ఫోన్ మోగింది. "ఏడున్నవ్?" అంది తారామణి. "ఇంకో గంజు దించిన. జల్ది రా."

వెళ్ళాడు! మట్టి, కంకర, బురద అన్నీ దాటుకుంటూ వెళ్ళాడు. కొత్త గుంతలో ఒక టైరు దిగినప్పుడు ఇన్నాళ్ళుగా ఇరుక్కున్న నాలుగో నిమ్మకాయ కూడా చితికింది. సాంబారు చుక్క ఒలకలేదు. గేటు దగ్గర "వచ్చింది, వచ్చింది" అన్నారు. ఆ మాట విన్నాక మహిపాల్‌కు కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చి రాణికి అన్నీ చెప్పాడు. చెప్పి, బయటికెళ్ళి టైరు గాడిలోంచి నిమ్మతొక్క గిల్లుతూ కూర్చున్నాడు.

"ఏమైంది మల్ల?" అంది రాణి.

"ఏం లేదు. రోడ్డు గంత మంచిగుండె. ఉన్నన్ని దినాలు గుంతలు ఏడికి పోయినయని భయపడుకుంటనే నడిపిన. ఒక్కనాడన్న సక్కగ పోలే."

"మల్ల ఏస్తరు తియ్యి."

"ఎప్పుడు?"

రాణికి తెలియదు. ఎవరికీ తెలియదు. అందుకే అధికారులకు ఈ చిన్న మనవి. మళ్ళీ రోడ్డు వేసేటప్పుడు దయచేసి ముందుగా చెప్పండి. ఆ రోజు మహిపాల్ సాంబారు ఎక్కించుకోడు. పక్క సీట్లో రాణిని కూర్చోబెట్టుకుని ఖాళీ బండి తెస్తాడు. నాచారం నుంచి ఉప్పల్ దాకా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకుండా, ఒక్కసారి నిమ్మళంగా పోయి చూస్తాడు.