సన్యాసిరావు స్పీకర్లు బిగించిన ఆదివారం

ఆ ఆదివారం సన్యాసిరావుకు డ్యూటీ లేదు. భార్య గురమ్మ బజారు నుంచి వచ్చేలోగా కొత్త స్పీకర్లు బిగించేసి, భోజనాలు కాగానే ఆమెను కూర్చోబెట్టి టీవీలో సినిమా వేయాలని అతని ఆలోచన. అంతకుమించి అతని మనసులో ఏమీ లేదు.

అతను కిరండూల్‌లో గూడ్సు గార్డు. ఇనుపరాయి మోసే బండి చివరి పెట్టెలో కూర్చుని ఘాట్ దిగడం, ఖాళీ బండితో మళ్లీ ఎక్కడం, పదకొండేళ్లుగా అదే పని. సొంతూరు బొబ్బిలి. గురమ్మ చెల్లెలు అక్కడ బట్టలు కుట్టే కొట్టు పెట్టి, అక్క కోసం రెండో మిషనుకు చోటు ఉంచింది. బదిలీకి రాయమని గురమ్మ ఏటా గుర్తుచేసేది. పైనుంచి ఇంకా ఏమీ రాలేదని అతను ఏటా చెప్పేవాడు.

స్పీకర్లు జగదల్‌పూర్‌లో కొన్నాడు. అదే డబ్బుకు అయిదు స్పీకర్ల పెట్టె కూడా వస్తుంది గానీ, కొట్టువాడే వద్దన్నాడు. అయిదు బొంగురు గొంతులకన్నా ముందు పెట్టుకునే రెండూ మంచివి తీసుకోమని, మాటా పాటా చాలావరకు వాటిలోంచే వస్తాయని, వెనకవి బోనసు వచ్చాక చూసుకోవచ్చని చెప్పాడు. ఎలా అమర్చాలో చీటీ మీద బొమ్మ కూడా గీసి ఇచ్చాడు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి కూర్చున్న మనిషికీ అంతే దూరం ఉండాలి. ఎత్తు చెవులకు సరిపోవాలి. మూలకు నెట్టకూడదు, గోడకు ఆనించకూడదు.

చీటీలో గది ఖాళీగా ఉంది. రైల్వే క్వార్టర్లో గది అలా లేదు. ఎడమ స్పీకరు ఉండాల్సిన చోట బియ్యం డ్రమ్ము, కుడి స్పీకరు చోట బట్టల అలమర, మనిషి కూర్చోవాల్సిన చోట మంచం ఉన్నాయి. సన్యాసిరావు డ్రమ్మును దొర్లించి వరండాలో పెట్టాడు. మంచం నిలబెట్టి బయటికి లాగాడు. అలమర ఈడ్చాడు. స్టాండ్లు కొనే స్తోమత లేదు గనక రెండు ట్రంకు పెట్టెలు ఖాళీ చేసి, వాటిని నిలువునా నిలబెట్టి స్టాండ్లు చేశాడు. వాటిలోని బట్టల్ని దుప్పట్లలో మూటలు కట్టి వరండాలో వరసగా పేర్చాడు.

పక్క క్వార్టర్లో పాయింట్స్‌మన్ నీలకంఠం పళ్లు తోముకుంటూ ఇదంతా చూశాడు. అతని ఇంటి కప్పు నాలుగేళ్లుగా కారుతోంది. సన్యాసిరావు ఇంటి కప్పు కారదు.

"అయితే వచ్చీసిందా బావా?" అని అడిగాడు.

"వచ్చింది. నిన్ననే జగదల్‌పూర్ నుంచి పట్టుకొచ్చేను," అన్నాడు సన్యాసిరావు.

"మరి మాకు చెప్పనేదేటి?"

"అన్నీ సర్దేక పిలుద్దామనుకున్నాను. ఇంట్లో దానికి కూడా తెల్దు. బజారుకెళ్లింది."

నీలకంఠం నోరు పుక్కిలించి, చొక్కా తొడుక్కుని తిన్నగా బజారుకు వెళ్లాడు. గురమ్మ చింతపండు అమ్మే సోమి దగ్గర కూర్చుని బేరమాడుతోంది. బొబ్బిలి బదిలీ వచ్చిందని, ఆయన సామాను కూడా కట్టేస్తున్నాడని అతను చెప్పాడు. గురమ్మ చేతిలోని చింతపండు సంచిలో వేయకుండా అలాగే పట్టుకుని లేచి నిలబడింది. తర్వాత సోమితో ఆమె హల్బీ భాషలో ఏదో చెప్పి ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. పదకొండేళ్లలో సోమి బేరం లేకుండా సరుకు ఇచ్చింది ఆ రోజే. గురమ్మ ఊరుకోలేక తన నాలుగు కోళ్లూ సోమికి ఇచ్చేశానంది. దారిలో టెలిఫోను బూత్‌లోకి వెళ్లి చెల్లెలికి చెప్పింది. అటు చెల్లెలు ఆ గంటలోనే బోర్డు రాసేవాణ్ని పిలిపించి, తన పేరు పక్కన అక్క పేరు కూడా రాయించింది.

నీలకంఠం మాత్రం బదిలీలూ క్వార్టర్లూ చూసే గుమాస్తా రామ్మూర్తి ఇంటికి వెళ్లి, ఖాళీ అయ్యే ఇల్లు తనకే కావాలని అర్జీ పెట్టుకున్నాడు.

పదకొండింటికి గురమ్మ మిఠాయి పొట్లంతో ఇల్లు చేరేసరికి బదిలీ మాట విని వచ్చినవాళ్లు వరండాలో మూటల మీద పదిమంది కూర్చున్నారు. సోమి కోళ్లను బుట్టలో వేసుకుంటోంది. లోపల సన్యాసిరావు పురికొసతో దూరాలు కొలుస్తున్నాడు. స్పీకర్ల సంగతి తెలిసే అందరూ వచ్చారనుకుని, "కూర్చోండి, రెండు నిమిషాల్లో వినిపిస్తాను," అన్నాడు. వీడ్కోలు ఉపన్యాసమనుకుని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

అప్పుడు రామ్మూర్తి స్కూటరు దిగాడు. తన బల్ల మీదికి రాకుండా బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఆయనకు చిన్నతనంగా ఉంది. ఆర్డరు చూపించమన్నాడు.

"ఏ ఆర్డరండీ?" అన్నాడు సన్యాసిరావు, పురికొస పట్టుకునే.

"అదే నేనూ అనుకున్నాను. మీరు పదకొండేళ్లలో ఒక్క దరఖాస్తు ఇవ్వలేదు. రిజిస్టర్లన్నీ చూసే వచ్చాను. అడక్కుండా ఎవరిస్తారండీ బదిలీ?"

గురమ్మ పొట్లం విప్పి తలా ఒక మిఠాయి చేతిలో పెట్టింది, రామ్మూర్తికి కూడా. తిని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సోమి కోళ్లను బుట్టలోంచి తీయబోతే గురమ్మ వద్దంది. ఇచ్చింది ఇచ్చినట్టేనంది.

గదిలో ఇద్దరే మిగిలాక, "ఆయన సెప్పింది నిజమేనా?" అని అడిగింది.

సన్యాసిరావు పురికొస చుట్టచుట్టి పక్కన పెట్టి, నిజమేనన్నాడు. బొబ్బిలిలో తన పైన ముగ్గురు అన్నలున్నారని, అక్కడ తనను ఏ మాటకూ ఎవరూ పిలవరని, ఇక్కడైతే బండి దిగి వస్తుంటే బజారంతా గార్డు బాబు అంటుందని చెప్పాడు. ఆ సంగతి అతను ఇదివరకు ఎవరితోనూ అనలేదు. గురమ్మ అంతా విన్నది.

"మీకిక్కడ బాగుంది. బాగుందని సెప్పీసుంటే తగువాడేదాన్ని, ఆ మీద ఏదో ఒకటి తేలిపోను. మీరు సెప్పనేదు. నేను పదకొండేళ్లు పోస్టుమేన్ని సూస్తా కూకున్నాను."

గురమ్మ కాగితం, కలం తెచ్చి, గది మధ్యలో అతను కొలిచి పెట్టుకున్న కుర్చీలోనే అతన్ని కూర్చోబెట్టింది. ఆ చోట కూర్చుంటే రెండు పక్కల నుంచీ ధ్వని సమానంగా వినిపిస్తుందని కొట్టువాడు చెప్పాడు. ఆ పూట వినిపించింది మాత్రం ఒక్క గొంతే. ఆమె చెబుతూ ఉంటే అతను బదిలీకి దరఖాస్తు రాశాడు. రెండుచోట్ల కొట్టివేతలున్నాయని మళ్లీ రాయించింది. సోమవారం తనే ఆఫీసుకు వెళ్లి, రామ్మూర్తి ముద్ర వేసేదాకా నిలబడింది.

పదకొండేళ్లుగా రాని బదిలీ, అడిగాక నాలుగు నెలల్లో వచ్చింది.