ఎరుపు రంగుకు ట్యాగు లేదు

మా పాత పత్రాల భాండాగారంలోని జాబితాలన్నిటికీ మోక్షం లభించిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఇంతకాలం అవి వర్డ్ ఫైళ్లుగా పడి ఉండేవి. ఏ పెట్టెలో ఏ పత్రం ఉందో, ఆ పెట్టె ఏ అలమరలో ఉందో చదివిన ప్రతివాడికీ అర్థమైపోయేది. లోకం ఇంత ముందుకు పోయాక కూడా మనుషులకు అర్థమయ్యే జాబితాలేమిటని మా డైరెక్టర్‌గారు మథనపడి, వాటిని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చాలని సంకల్పించారు.

పద్ధతి సులువే. సంతలో పిల్లాడు తప్పిపోకుండా చెరో చెయ్యీ పట్టుకున్నట్టు, ప్రతి మాటకూ అదేమిటో కంప్యూటర్‌కు చెప్పే గుర్తు, అంటే ట్యాగు, ముందొకటి, వెనకొకటి తగిలించాలి. పెట్టె పేరుకు ట్యాగు, తేదీకి ట్యాగు, అలమరకు ట్యాగు. ఏ ట్యాగులోనూ ఇమడనిది ఏదైనా మిగిలితే తీసి పారేయాలి.

ప్రారంభ సభలో డైరెక్టర్‌గారు గంభీరంగా ప్రసంగించారు. "ఇన్నాళ్లూ ఒకచోట లావు అక్షరాలు, ఒకచోట అడ్డగీతలు, ఇంకోచోట ఎరుపు! ఇది కార్యాలయమా, రంగుల కొట్టా? నేటితో ఆ అరాచకం అంతం!" అన్నారు. చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం. టీ కూడా బాగుంది.

ఎరుపు సంగతి కొంచెం చెప్పాలి. ఏళ్ల కిందట కప్పు కారుతుంటే, తడిసే పెట్టెలను మెట్ల కింది గదిలోకి చేర్చాం. జాబితాలో అలమర నంబరు మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి. రంగు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని ఆ వరుసలకు ఎరుపు వేశాం. కప్పు మరమ్మతు నేటికీ పరిశీలనలో ఉంది కనుక పెట్టెలూ అక్కడే ఉన్నాయి. ఎరుపంటే మెట్ల కింద అని డైరెక్టర్‌గారితో సహా అందరికీ తెలుసు. అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎరుపుకు ట్యాగు లేదు కనుక మార్పిడిలో అది రాలిపోయి, అక్షరాలన్నీ నల్లగా, బుద్ధిగా తయారయ్యాయి. తనిఖీ ప్రోగ్రాం జాబితానంతా జల్లెడ పట్టి "లోపాలు లేవు" అని తేల్చింది. డైరెక్టర్‌గారికి కళ్లు చెమర్చాయి.

తర్వాతి వారమే బట్టలు కుట్టే ఓ పెద్దావిడ వచ్చింది. వాళ్ల సందు అసలు ఏనాడూ లేదనీ, ఇళ్లన్నీ ఆక్రమణలనీ మున్సిపాలిటీ నోటీసిచ్చిందట. ఆ సందు గీసిన పాత పటం చూపిస్తే సరి, లేకుంటే సోమవారం కూల్చేస్తారు. మా గుమాస్తా సందు పేరు కొట్టాడో లేదో, పటం ఉందనీ, ఫలానా అలమరలో ఉందనీ తెర మీదికొచ్చేసింది. "చల్లగా ఉండు నాయనా" అందావిడ. గుమాస్తా అలమర దాకా వెళ్లి, సాలెగూడు దులుపుకుంటూ తిరిగొచ్చాడు.

"ఉందమ్మా."

"ఏదీ మరి?"

"ఉందని వస్తోంది. పెట్టె మాత్రం లేదు."

"పోయినేడు మా అల్లుడొస్తే మెట్ల కింద నుంచి తీసి చూపించారటయ్యా! కాస్త అక్కడ చూడు, నీకు పుణ్యముంటుంది."

గుమాస్తా మనసు కరిగి మెట్ల వైపు నడవబోయాడు. డైరెక్టర్‌గారు ఆపారు.

"మెట్ల కింద అనే చోటు మన జాబితాలో ఉందా?"

"లేదండి."

"లేని చోటు నుంచి పటం తీసిస్తే, లోపాలు లేని జాబితాలో లోపం మనమే చూపించినట్టు కాదటయ్యా? రేపు పైవాళ్ల దగ్గర నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

వాదన తిరుగులేనిది. అయినా ఆవిడను ఉత్త చేతులతో పంపలేదు. పటం మా దగ్గర ఉన్నట్టు కాగితం మీద రాసి, స్టాంపు వేసి మరీ ఇచ్చాం.

సోమవారం ఆవిడ ఆ కాగితం పట్టుకుని బుల్డోజర్‌కు ఎదురు నిలబడింది. మున్సిపాలిటీ ఇంజనీరు మర్యాదస్తుడు. కాగితం మొత్తం చదివి, పటం ఏదని అడిగి, లేదనగానే కుట్టుమిషను బయట పెట్టుకోవడానికి వ్యవధి కూడా ఇచ్చాడు. "ఉందని రాసిచ్చారు కదయ్యా" అని ఆవిడ అంటూనే ఉందట. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు.

మాకు మాత్రం బాధ వెయ్యలేదా? మనుషులమే కదా. ఆ మధ్యాహ్నం ఎవరికీ ముద్ద దిగలేదు. మేం టిఫిన్ డబ్బాలు పెట్టుకునేది మెట్ల కింద, ఆ పటం ఉన్న పెట్టె మీదే.

మా జాబితాకు ఈ ఏటి ఉత్తమ జాబితా పురస్కారం వచ్చింది. ఇప్పుడది ప్రజలందరికీ అందుబాటులో ఉంది. ఇంట్లో కాలు మీద కాలేసుకుని చూసుకోవచ్చు. ఆవిడ సందు పేరు కొడితే ఇప్పటికీ ఉందనే వస్తుంది. మీలో చాలామంది ఏదో ఒక పేరు కొట్టి చూసి, భేష్ అని మెచ్చుకున్నారు కూడా. లేచి వచ్చి అలమర తెరిచి చూసినవాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు.