సెనేటర్ గారి తొడా, లోర్నా గారి జింకా

తుపాకి కాల్పులకు మూలకారణం దొరికిందని సెనేటర్ మెర్ల్ హాస్టెటర్ గారు మా కౌంటీ కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అమెరికాలో ఇంతమంది మేధావులు ఇన్నేళ్లుగా వెతికి వేసారిన కారణం మా ఊళ్లో, అదీ ఒక బుధవారం పొద్దున, కాఫీ చల్లారేలోపల దొరికిందంటే మాకు గర్వంగా ఉండదా? ఆ కాఫీ నాదే. కోర్టుకు ఎదురుగా పాన్‌కేకులూ ఆమ్లెట్లూ అమ్మే హోటల్ నాది. సెనేటర్ గారు ఆలోచనలు చేసేది నా హోటల్లో మూల బల్ల దగ్గర కాబట్టి, ఆయన మేధస్సు ఉడికే వాసన ఊరందరికన్నా ముందు నాకే తగులుతుంది.

"కారణం తుపాకి కాదు. కాల్చినవాడూ కాదు. వీడియో గేమ్," అన్నారాయన. వెనకాల నిలబడ్డ అనుచరులు నడుముల దగ్గర పిస్తోళ్లు ఊగేటంత గట్టిగా తలలూపారు.

అసలు జరిగిందేమిటంటే, మా పోస్ట్‌మన్ ఓటిస్ బ్రెనెమన్, కెర్మిట్ లాడెన్‌స్లేగర్ ఇంటి ముందు డబ్బాలో ఉత్తరాలు వేస్తున్నాడు. కెర్మిట్ వరండాలో కూర్చుని రైఫిల్ తుడుచుకుంటున్నాడు. జింకల వేట మొదలయ్యే రోజు దగ్గరపడింది. ఆ రోజు మా దగ్గర బళ్లకు సెలవు. ఆ రోజు పెళ్లి పెట్టుకుంటే పెళ్లికొడుకు కూడా రాడు. అందుకని ఆ వారమంతా ఊరికి ఊరే వరండాల్లో కూర్చుని తుపాకులు తుడుచుకుంటూ ఉంటుంది. రైఫిల్లో తూటా ఉన్న సంగతి కెర్మిట్ మరిచిపోయాడు. అది పేలి ఓటిస్ తొడలో దిగింది. కెర్మిట్ పరిగెత్తుకెళ్లి, తన చొక్కా చింపి కట్టు కట్టి, తన బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఏడ్చాడు. నేనే కాల్చాను, తప్పు నాదేనని షెరీఫ్ అడగకముందే చెప్పేశాడు.

మామూలు బుర్రలకైతే కేసు ఇక్కడితో అయిపోయినట్టే. సెనేటర్ గారిది మామూలు బుర్ర కాదు. నేరం చేసినవాడు అంత సులువుగా ఒప్పుకున్నాడంటే వెనకాల ఇంకెవరో ఉన్నారన్నమాట అని ఆయన నా బల్ల గుద్ది చెప్పారు. సాయంత్రానికల్లా విచారణ కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయనే. నిపుణుడిగా డ్వైట్ గామర్‌ను తీసుకున్నారు. ఊళ్లో తుపాకుల దుకాణం డ్వైట్‌దే. కెర్మిట్‌కు ఆ రైఫిల్ అమ్మిందీ అతనే కాబట్టి కేసు గురించి అతనికి తెలిసినంత లోతుగా మరొకరికి తెలిసే అవకాశం లేదు.

విచారణ కోర్టు హాల్లో జరిగింది. కాఫీ కెటిల్ పట్టుకుని నేనూ వెళ్లాను. హీటర్ గాలికి కాగితాలు ఎగిరిపోకుండా కమిటీ సభ్యులు వాటి మీద తమ తమ పిస్తోళ్లు పెట్టుకున్నారు. ఎదురుగా కుర్చీలో కెర్మిట్. డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో టీవీ లేదు. ఉన్న ఫోను గోడకు తగిలించి ఉంటుంది, దాన్ని కూడా అతను అనుమానంగానే చూస్తాడు.

"నువ్వు ఆడే ఆట ఏంటి కెర్మిట్?" అని అడిగారు సెనేటర్ గారు.

"చుక్కల బిళ్లల ఆట సార్, డామినోలు. మా బావమరిదితో."

"అందులో హింస ఏమైనా ఉంటుందా?"

కెర్మిట్ నిజాయితీపరుడు. గడ్డం గోక్కుని ఆలోచించాడు. "ఓసారి వాడు బిళ్ల దాచేస్తే ఆ బిళ్లల పెట్టెతోటే నెత్తిమీద ఒకటిచ్చాను."

సెనేటర్ గారు కలం తీశారు. డామినోల జోలికి వెళ్తే చర్చిలో అవే ఆడుకునే ముసలాళ్ల ఓట్లు పోతాయని డ్వైట్ ఆయన చెవిలో చెప్పడం పక్కనే కాఫీ పోస్తున్న నాకు కూడా వినిపించింది. కలం మళ్లీ జేబులోకి వెళ్లింది.

"పోనీ, లోర్నా ఫైఫర్ గేముల హాలుకి ఎప్పుడైనా వెళ్లావా?"

"ఒక్కసారి వెళ్లాను సార్. బాత్రూమ్‌కి."

సెనేటర్ గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. దారిలో ఏమైనా కనపడిందా అని ఎంతో అనునయంగా అడిగారు.

"ఒక గేమ్ మీద జింక బొమ్మ ఉంది సార్. నారింజ రంగు తుపాకి ఉంది. నాకు అర్జెంటుగా ఉండి సరిగ్గా చూళ్లేదు."

"వచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడు కాస్త చూశాను."

సెనేటర్ గారు కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. అవసరానికి బాత్రూమ్‌కి వెళ్లిన పెద్దమనిషిని కూడా ఈ గేములు వదలడం లేదని గద్గదంగా అన్నారు. ఆ క్షణం నుంచి కెర్మిట్ ముద్దాయి కాదు, బాధితుడు. చర్చి ఆడవాళ్లు అతనికి చీజ్ వేసి కాల్చిన మాకరోనీ గిన్నెలు గిన్నెలుగా పంపారు. షెరీఫ్ అతని రైఫిల్‌కు నూనె పట్టించి మరీ తిరిగిచ్చాడు. ఓటిస్‌కు ఆసుపత్రికి ప్రార్థనలు పంపారు.

ఇరుక్కుపోయింది లోర్నా. అరవై దాటిన ఒంటరి మనిషి. బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే పాతకాలం బౌలింగ్ హాలును కొని, గేములు పెట్టుకుని దానిమీదే బతుకుతోంది. అది మూతపడితే ఫ్లోరిడాలో అక్క దగ్గరకు చేరాలి. ఆ అక్కకు పిల్లులున్నాయి, అభిప్రాయాలున్నాయి. రెండూ లోర్నాకు పడవు.

కమిటీ తనిఖీకి వెళ్లినప్పుడు నన్ను శాండ్‌విచ్‌లు తెమ్మన్నారు కాబట్టి ఇది కూడా కళ్లారా చూశాను. ఆ హాలు గుమ్మంలో బౌలింగ్ బూట్లు పెట్టుకునే చెక్క గూళ్లు ఇంకా ఉన్నాయి. వచ్చినవాళ్లు తమ పిస్తోళ్లు అందులో పెట్టి, బూట్ల నెంబరు బిళ్ల తీసుకుని లోపలికి వెళ్లాలి. ఇది లోర్నా పెట్టిన నియమం.

"మేం తనిఖీకి వచ్చామమ్మా," అన్నారు సెనేటర్ గారు.

"తనిఖీకైనా బాత్రూమ్‌కైనా అంతేనండీ. లోపల పిల్లలున్నారు. ఇక్కడ పెట్టి వెళ్లండి," అంది లోర్నా, ఆయన చేతిలో బిళ్ల పెడుతూ.

జింకల గేమ్‌ను సెనేటర్ గారు స్వయంగా పరీక్షించారు. ఆయన ఇంటి గోడల నిండా జింక తలలే. అలాంటి వేటగాడు నారింజ రంగు ప్లాస్టిక్ తుపాకి ఎత్తి మొదటి గుండుకు ఒక ఆవును కొట్టారు. రెండో గుండుకు పిల్లతల్లి జింకను కొట్టారు. అయ్యో, మళ్లీ ప్రయత్నించండి అంది యంత్రం. ఆయన మళ్లీ ప్రయత్నించారు. హాలు కట్టేసే వేళదాకా ప్రయత్నిస్తూనే ఉన్నారు. వెనకాల ఇద్దరు పిల్లలు తమ వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడి నిలబడి ఇంటికి పోయారు. శాండ్‌విచ్‌లు నేనే తిన్నాను.

నివేదిక మర్నాడే వచ్చింది. ఈ యంత్రం మనిషి చేత గురి తప్పిస్తోంది, గురి తప్పడం వల్లే అమాయకులకు తూటాలు తగులుతున్నాయి అని అందులో తేల్చారు. నిపుణుడు డ్వైట్ తన అభిప్రాయం విడిగా జోడించాడు. నిజం తుపాకి చేతికొస్తే మనిషికి బాధ్యత వస్తుందట. ప్లాస్టిక్ తుపాకికి లైసెన్సు లేదు, సేఫ్టీ మీట లేదు, అమ్మేవాడికి లాభం కూడా లేదని బాధపడ్డాడు. నెలాఖరుకు హాలు మూసెయ్యాలని సిఫారసు చేశారు.

లోర్నా నా హోటల్‌కు వచ్చి మూల బల్ల ముందు నిలబడింది. కోటు కూడా విప్పలేదు.

"ఇన్నేళ్లలో నా హాల్లో ఒక్కడికి రక్తం కారలేదు సెనేటర్ గారూ. ఒకడెవడో తలుపు సందులో వేలు పెట్టుకున్నాడు. అంతే."

"నా భయం కూడా అదేనమ్మా," అన్నారాయన, పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ. "నీ దగ్గర బిగబట్టుకున్నదంతా బయటికొచ్చి తీర్చుకుంటున్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు నిజంగానే బాధేసింది. కానీ ఒప్పుకోవాలి, తర్కం అంటే అది. నాకు ఏడాదంతా కూర్చున్నా తట్టి ఉండేది కాదు.

తర్వాత హింసాత్మక క్రీడల సమర్పణ దినం ప్రకటించారు. మా ఊళ్లో ఏ మంచి పనికైనా రైఫిల్ లాటరీ పెట్టడం ఆనవాయితీ. ఫైరింజనుకు టైర్లు కావాలన్నా, చర్చి కప్పు కురుస్తున్నా అదే దారి. అందుకని ఎవరు ఒక గేమ్ తెచ్చిస్తే వారికి ఒక లాటరీ టిక్కెట్టు, గెలిచినవారికి డ్వైట్ దుకాణం నుంచి సరికొత్త రైఫిల్ అన్నారు. ఫైర్ స్టేషన్ వెనక మైదానంలో కోళ్లు కాలుతుండగా జనం తండోపతండాలుగా వచ్చారు. పిల్లలు ఏడుస్తుంటే తండ్రులు గేములు తెచ్చి కుప్ప పోశారు. కెర్మిట్ దగ్గర గేమ్ ఏదీ లేకపోవడంతో డామినోల పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆ పెట్టెకున్న చరిత్ర దృష్ట్యా అతనికీ టిక్కెట్టు ఇచ్చారు.

లాటరీలో రైఫిల్ కెర్మిట్‌కే తగిలింది.

బాధితుడి పునరావాసం అంటే ఇదీ అని సెనేటర్ గారు రైఫిల్ అతని చేతుల్లో పెట్టారు. కెర్మిట్ వద్దంటే వద్దని వెనక్కి తగ్గాడు కానీ ఫోటో తీసేవాళ్లు ముందుకు తోశారు. అప్పటికి లోర్నా హాల్లోని జింకల యంత్రాన్ని ట్రాక్టరు మీద తెచ్చి మైదానం మధ్యలో దింపారు. సెనేటర్ గారు కెర్మిట్ దగ్గర ఆ రైఫిలే అడిగి తీసుకుని గురిపెట్టారు. లోర్నా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంది.

"దాని చిల్లర పెట్టె దళసరి ఉక్కు అండీ," అంది. "కాస్త పక్కనుంచి కాల్చండి."

"వేట నాకు నేర్పకమ్మా," అన్నారు సెనేటర్ గారు.

యంత్రం మీది జింక బొమ్మ ముఖానికి గురిపెట్టిన తూటా చిల్లర పెట్టెకు తగిలింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి సెనేటర్ గారి తొడలో దిగింది. కెర్మిట్‌కు ఇప్పుడు అనుభవం ఉంది కాబట్టి వెంటనే చొక్కా చింపి కట్టు కట్టాడు. లోర్నా తన కోటు విప్పి ఆయన తలకింద పెట్టింది.

ఆసుపత్రిలో ఆయనకు ఓటిస్ పక్క మంచమే దొరికింది. పత్రికలవాళ్లు వచ్చేసరికి సెనేటర్ గారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముఖంలో నొప్పి కన్నా వెలుగే ఎక్కువ కనిపించింది.

"ప్లగ్గు పీకేసి ఉంది. తెర నల్లగా ఉంది. అయినా నన్ను కాల్చింది," అన్నారు. "ఇంకేం రుజువు కావాలి మీకు?"

విలేకరి ఒకామె ఓటిస్ వైపు తిరిగి, మిమ్మల్ని ఏ గేమ్ కాల్చిందని అడిగింది. తనకు తెలిసినంతవరకు తనను కాల్చింది కెర్మిట్ అని ఓటిస్ చెప్పాడు. మందుల మత్తులో ఉన్నాడు పాపం, రాసుకోవద్దన్నారు సెనేటర్ గారు. ఎవరూ రాసుకోలేదు.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు గేములున్న చోటికి అడుగుపెట్టకూడదని చట్టం వచ్చింది. లోర్నా టౌన్ ఆఫీసుకు వెళ్లి, పోనీ ఆ హాల్లో ఇంకేం పెట్టుకోవచ్చో చెప్పమని అడిగిందట. మిఠాయి కొట్టుకు ఆరోగ్యశాఖ తనిఖీ కావాలన్నారు. డాన్సు బడికి పార్కింగ్ చాలదన్నారు. పిల్లల లైబ్రరీకి ఇరుగుపొరుగు అభ్యంతరాలు వినాలి, ఏ పుస్తకాలు పెడతావో ముందే చెప్పాలి. ఏమీ అక్కర్లేనిది ఒక్క షూటింగ్ రేంజి. నిజం తూటాలతో గురి నేర్చుకునే చోటు అన్నమాట. తల్లో తండ్రో వెంట ఉంటే ఎంత చిన్న పిల్లలైనా రావచ్చు. లోర్నా వచ్చి నా హోటల్లో చాలాసేపు కూర్చుంది.

"ఫ్లోరిడా కన్నా నయమేలే," అంది చివరికి. కాఫీ మాత్రం తాగలేదు.

ప్రారంభోత్సవానికి సెనేటర్ గారు చంకకర్రల మీద వచ్చారు. పిల్లల సురక్షిత వినోద కేంద్రం అని చెక్కిన ఇత్తడి పలక తెచ్చారు. ఊరంతా వచ్చింది. వరసన నిలబడి తండ్రులూ కొడుకులూ కాలుస్తుంటే గోడలు అదిరిపోతున్నాయి. ఆ మోతలోనే ఆయన ఉపన్యాసం సాగింది. కాల్పులకు ఎవరూ ఉలిక్కిపడలేదు. పిల్లల్ని తోసుకెళ్లే బండిలో ఒక పసిపిల్ల హాయిగా నిద్రపోతోంది. ఈనాటితో మన పిల్లల చెవిన ఆ పాడు గేముల చప్పుడు పడదని సెనేటర్ గారు చెయ్యి ఎత్తి చెబుతున్నారు.

అంతలో జనంలో ఎక్కడో టిడిడింగ్ టిడిడింగ్ అని గేమ్ పాట మోగింది.

గేమ్! అని ఎవరిదో ఒక్క కేక వినపడింది. కాల్పులు టక్కున ఆగాయి. మరుక్షణం అందరం నేలమీద బోర్లా పడి ఉన్నాం. తల్లులు పిల్లల మీద పడ్డారు. డ్వైట్ కేకు బల్ల కిందికి దూరాడు. కెర్మిట్ తల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఈసారి నేను కాదు, నేను కాదు అంటున్నాడు. నేను మెల్లగా తల తిప్పి చూశాను. నిలబడి ఉన్నది ఇద్దరే, లోర్నా, సెనేటర్ గారు. చప్పుడు ఆయన కోటు జేబులోంచి వస్తోంది.

ఆయన ఫోను బయటికి తీశారు. ఆపబోయి ఆగి, తెర వైపు చూశారు. లోర్నా కళ్లజోడు సర్దుకుని ఆయన పక్కకు వెళ్లింది.

"ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగింది.

"ఆసుపత్రిలో మొదలుపెట్టాను. ఊసుపోక," అన్నారాయన గొంతు తగ్గించి. "ఈ బుట్ట పట్టుకున్న ముసలమ్మ ప్రతిసారీ అడ్డమొస్తోంది. తూటా ఆవిడకే తగులుతోంది."

"తొందరపడకండి. ఆవిణ్ణి దాటిపోనివ్వండి. ఆ తర్వాతే నొక్కాలి."

సెనేటర్ గారు చంకకర్ర గోడకు ఆనించి, ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆగారు. లెమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి మేమంతా అలాగే పడుకుని ఉన్నాం.