అధ్యక్షులవారు నిలబడ్డ చోటే నూనె

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు కొండలూ కోనలూ ఊహించుకునేరు. ఇది ఉప్పునీటి పాయల మధ్య పెరిగిన మడ అడవి. అందులో ఒక లంక. ఆ లంకకి ఉత్తరపు కొసన, మోకాలి లోతు బురద పక్కన, నూకాలు అనే పందికొక్కు ఆరుగురు పిల్లలతో కాపురముండేది.

లంక మొత్తానికీ మంచినీళ్ళ చెలమ ఒక్కటే, అదీ నూకాలు బొరియ పక్కనే. ఆ ఏడు ఎండాకాలం చెలమలో నీళ్ళ మీద నల్లటి జిడ్డు తేలింది. పిల్లలు ఒక గుక్క తాగి కక్కేశారు. తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పరుగున పోయి పంచాయతీ కార్యదర్శి నక్క శరభయ్య కాళ్ళ మీద పడింది.

"అయ్యా, నీళ్ళు పాడైపోయాయి. పిల్లలకి గొంతులు ఎండిపోతున్నాయి. ఏదో ఒక దారి చూపించండి."

శరభయ్య వచ్చి జిడ్డు వాసన చూశాడు. కళ్ళు ఇంతలేసి చేసుకున్నాడు.

"ఒసే పిచ్చిదానా, ఇది నేలనూనె! ఒంటికి పూసుకుంటే దోమ కుట్టదని అవతలి ఒడ్డు ఏనుగులు దీనికోసం పడి చస్తున్నాయి. మన దశ తిరిగిందే!"

"దశ సంగతి తర్వాత చూద్దాం. నీళ్ళ మాటేమిటండీ?"

"నూనె తీసి ఏనుగులకిస్తాం. అవి తొండాలతో మంచినీళ్ళు మోసుకొచ్చి పోస్తాయి. నూనె పడ్డాక నీళ్ళెంతసేపే!"

వారం తిరక్కుండా శంకుస్థాపన పెట్టారు. అధ్యక్షులు పెద్దపులి భద్రప్పగారు. కాళ్ళకి బురద అంటితే ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. అందుకని పందిరి దక్షిణాన, పొడి ఇసుకదిబ్బ మీద వేశారు. పందిరి వేసిన చోటే రాయి పాతారు. రాయి పాతిన చోటే బావి తవ్వమన్నారు.

నూకాలు శరభయ్య దగ్గరికి పరిగెత్తింది. "అయ్యా, నూనె ఉన్నది ఉత్తరాన కదండీ!"

"రాయి మీద అధ్యక్షులవారి పేరుంది. పేరున్న రాయిని పీకమంటావా?" అని శరభయ్య కసిరాడు.

నిపుణుడని పిలిపించిన కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. "అధ్యక్షులవారు నిలబడ్డ చోట నూనె లేకపోవడమా, ఎంత మాట!" అని తేల్చేసింది. పూలదండ వేయించుకుని ఎగిరిపోతుందనుకున్నారు గానీ, చేపలు బాగున్నాయని ఉండిపోయింది.

తవ్వకం పందికొక్కుల నెత్తిన పడింది. పన్నెండు రోజులు తవ్వారు. ఈలోగా నూకాలు పిల్లలు ఆకుల మీద మంచు నాకి బతికారు. పదమూడో రోజుకి కడగొట్టుది లేవడం మానేసింది. నూకాలు ఏడుస్తూనే తవ్వింది. ఏం చేస్తుంది పాపం!

ఆ పొద్దున్నే గోళ్ళకి చెమ్మ తగిలింది. ఇంకో జానెడు తవ్వేసరికి బుడబుడమంటూ నీళ్ళు! నోట పోసుకుంటే కొబ్బరినీళ్ళే. బుగ్గల నిండా పట్టుకుని ఒక్క పరుగున ఇంటికి పోయి కడగొట్టుదాని నోట్లో పోసింది. అది కళ్ళు తెరిచి "ఇంకా" అంది. నూకాలుకి ఏనుగంత బలమొచ్చింది.

తిరిగొచ్చేసరికి శరభయ్య నెత్తి బాదుకుంటున్నాడు. "నీళ్ళా! ఛీ ఛీ, పరువు గంగలో కలిసింది! మధ్యాహ్నం అధ్యక్షులవారొస్తున్నారు. పూడ్చేయండి, పూడ్చేయండి!"

నూకాలు గుంటకి అడ్డంగా నిలబడింది. "పూడ్చండయ్యా. కానీ ఆయన నిలబడ్డ చోట నూనె లేదని ఆయనతో చెప్పేదెవరు? మీరేనా?"

శరభయ్య తోక కాళ్ళ మధ్యకి పోయింది. "మరేం చెయ్యమంటావే తల్లీ?"

"నీళ్ళు పైన, నూనె అడుగున. నీళ్ళు ఖాళీ చేస్తే గానీ నూనె తగలదు. ఇది తొలిదశ అని చెప్పండి."

జిడ్డు నీళ్ళ మీద తేలడం ఇద్దరూ కళ్ళారా చూసినవాళ్ళే. అయినా శరభయ్య కొంగ వంక చూశాడు. కొంగ కళ్ళు మూసుకుని, "తొలిదశే, సందేహం లేదు" అంది.

భద్రప్పగారు విని మహా సంతోషించారు. అక్కడికక్కడే హుకుం జారీ అయింది: లంకలోని ప్రతి జీవీ రోజూ కడుపునిండా తాగి, అభివృద్ధికి అడ్డుపడుతున్న నీళ్ళను తొలగించాలి. కార్యదర్శి అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ తాగి దారి చూపాలి.

ఆనాటి నుంచి లంకలో దాహమన్న మాట లేదు. కడగొట్టుది బావి చుట్టూ గెంతుతోంది. శరభయ్య మాత్రం పొట్ట డోలులా ఉబ్బి, నడవలేక దొర్లుతూ వస్తాడు.

"నూకాలూ, అడుగు ఎప్పుడు కనిపిస్తుందే?"

"ఊట మహా జోరుగా ఉందయ్యా. ఇంకో రెండు దొప్పలు లాగించండి."

నీతి: మంచినీళ్ళు కావాలని అర్జీ పెట్టుకోకండి, నూనెకి అడ్డమొస్తున్నాయని పెట్టుకోండి.