మహాసభ, జూబిలీ, గాయకబృందం, ఆపైన మరో ఆడపిల్ల

సృష్టిలోని ప్రాణులన్నిటికీ పేర్లు పెట్టే అధికారాన్ని దేవుడు ఆదాముకు ఇచ్చాడు. ఆదాముకు అక్క లేదు కాబట్టి ఇచ్చాడు. ఉండి, అదీ మా టోంగాలో ఉండి ఉంటే, ఆ పని ఆవిడదే. ఆదాము చాప మీద ఓ మూల కూర్చుని, తన బిడ్డ పేరేమిటో అందరితోపాటు వినేవాడు.

ఈ పద్ధతి మంచిదే. తండ్రికి తీరిక ఉండదు, తల్లికి నిష్పక్షపాతం ఉండదు (తొమ్మిది నెలలు మోసిన మనిషి తటస్థంగా ఎలా ఉంటుంది?). కనుక పేరు పెట్టేది మేనత్త.

మా అక్క అనసెయిని నా ముగ్గురు కూతుళ్లకూ ఒకే సూత్రం ప్రకారం పేర్లు పెట్టింది. పుట్టిన వారంలో చర్చిలో ఏది జరిగితే అదే పేరు. పెద్దది కొనిఫెలెనిసి, అంటే మహాసభ. రెండోది సియుపెలి, అంటే జూబిలీ. మూడోది కువాయె, గాయకబృందం. మా దీవిలో ఇవి వింత పేర్లు కావు. ఎదురింటి పెద్దమనిషి పేరుకు అర్థం తుపాను. మనిషి మాత్రం నెమ్మదస్తుడు.

ఇప్పుడు నాలుగోది పుట్టింది. ఆ వారం చర్చిలో ఏమీ జరగలేదు.

"ఏమీ జరగకపోవడమే మంచిదయింది" అంది నా భార్య లెసియెలి. "దీనికి మా అమ్మ పేరు పెడదాం. సియాలె. నిరుడు పోయింది. ఆవిడ పేరుతో ఈ భూమ్మీద ఒక్క పిల్లా లేదు. మీ అక్కతో చెప్పు."

"నేనా?"

"కాదు, పెరట్లో పంది చెబుతుంది!"

అక్క మాటకు ఎదురాడిన తమ్ముణ్ణి మా దీవిలో ఎవరూ చూడలేదు. చూసినా బయటకు చెప్పరు. అందుకని మనవి కాగితం మీద రాసి, చర్చి కార్యదర్శి సెమిసి చేతికిచ్చాను. ఆయన దాన్ని అక్కకు చదివి వినిపించాడు.

"సియాలె అంటే మల్లెలాంటి పువ్వు" అంది అక్క. "మహాసభ, జూబిలీ, గాయకబృందం, పక్కన పువ్వా? నలుగురూ వరసగా నిలబడితే చిన్నది అడిగి తెచ్చుకున్న పిల్లలా ఉండదూ?"

వెంటనే పేర్ల పొందిక ఉపసంఘం ఏర్పాటైంది. ఏడుగురు సభ్యులు. గురువారం చర్చి హాల్లో కూర్చున్నారు. తల్లిదండ్రులను ప్రత్యేక ఆహ్వానితులుగా పిలిచారు (ప్రత్యేక ఆహ్వానితులు టీ అందించవచ్చు).

"పాస్టరుగారు సోమవారం పన్ను పీకించుకున్నారండి" అన్నాడు సెమిసి.

"చర్చి ఆవరణలోనా?" అని అడిగింది అక్క.

"ఆస్పత్రిలోనండి."

"అయితే అది ప్రభుత్వ కార్యక్రమం. తర్వాత?"

"బుధవారం గంట తాడు తెగిందండి."

"తెగడం ప్రమాదం. కొత్తది కడితే కార్యక్రమం. కట్టారా?"

"వచ్చే వారమండి."

"పిల్ల ఇంకో వారం ఆగి పుట్టాల్సింది" అన్నాడొక సభ్యుడు విచారంగా.

"వచ్చేసారి చెప్పి కంటాను, బాబాయ్" అంది వెనక నుంచి లెసియెలి. హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు గానీ పిల్లను ఒళ్లోకి తీసుకుని ముద్దాడింది. ఆవిడకు నా పిల్లలంటే ప్రాణం. అదే అసలు చిక్కు. చెడ్డవాళ్లయితే ఏదో ఒకటి అనవచ్చు.

ప్రభువు పుట్టబోయే ముందు దేవదూత ఆ పేరును మేనత్తకు కాక తల్లికే చెప్పి వెళ్లాడు కదా అని నాకొక సందేహం వచ్చింది. అడుగుదామనే లేచాను. లేచినవాణ్ని ఎలాగూ లేచానని ప్రార్థన చేయమన్నారు.

నాలుగు గంటల చర్చ, ఒక పంది, రెండు బుట్టల చేమదుంపలు పూర్తయ్యాక సెమిసికి వెలుగు కనిపించింది. ఈ వారం చర్చిలో ఏమీ జరగలేదనడం పొరపాటు. ఈ సమావేశం జరిగింది! పాప పేరు ఫకతహ, అంటే సమావేశం అని ఏకగ్రీవంగా తీర్మానించారు. తనకు పేరు పెట్టడానికి కూర్చున్న సమావేశమే తన పేరైన పిల్ల చరిత్రలో ఇదొక్కతే అయి ఉండాలి.

"మరి మా అమ్మ పేరు, వదినా?" అంది లెసియెలి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అక్క లెసియెలి చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా, నీ తమ్ముడికి పిల్లలు పుట్టరూ? అక్కడ పెట్టేది నువ్వేగా. నేను అడ్డొస్తానా?"

ఇంటికి వచ్చే దారిలో లెసియెలి, ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లను దేవుడు క్షమించాలని అంది. నేను ఆమెన్ అన్నాను.

మూడు నెలలకు ఆమె తమ్ముడికి రెండో కూతురు పుట్టింది. లెసియెలి మా దీవి మర్యాద ప్రకారం నడుముకు మంచి చాప చుట్టుకుని, తలెత్తుకుని వెళ్లింది. పెద్దపిల్ల పేరు లోసా, అంటే గులాబీ. పువ్వు పక్కన పువ్వు. ఇంతకన్నా పొందిక ఏ ఉపసంఘమూ కుదర్చలేదు.

మంచం మీద నుంచి ఆ తమ్ముడి భార్య మెలెనైతె మెల్లగా అంది: "వదినా, దీనికి మా నాయనమ్మ పేరు పెడదామని..."

"అయ్యో, దానికేం" అంది నా భార్య, ఎంతో ప్రేమగా ఆమె తల నిమిరి. "నీ తమ్ముడికి పుట్టనీ, అప్పుడు నీ ఇష్టం."

మెలెనైతెకు అన్నదమ్ములు లేరు.