పదకొండు బంద్‌ల పడవ

ఏం సారూ, రేపు మళ్లీ బంద్ అనగానే మొహం అట్లా మాడ్చుకున్నారేం? పాల ప్యాకెట్లు నాలుగు ఎక్కువ తెచ్చి ఫ్రిజ్జులో కుక్కారా? టీవీ ముందు కూర్చుని "ఈ ఊరు ఇక బాగుపడదు" అంటూ ఇంట్లోవాళ్ల బుర్ర తింటున్నారా? అదే మీతో వచ్చిన చిక్కు. వరం వచ్చి తలుపు తడితే, ఇప్పుడెవరయ్యా అని కసురుకునే రకం మీరు!

అవును, బంద్ వరమే! నవ్వకండి. మొన్నటి బంద్‌లో ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక పెద్దమనిషి రోడ్డు దాటి, దాటానంటే నమ్మబుద్ధి కాక, వెనక్కి వచ్చి మళ్లీ దాటాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు తమ హాస్టల్ గదికి కిటికీ ఉందని మొదటిసారి కనిపెట్టారు. పక్కింటాయన పేరేమిటో కొందరికి ఆ రోజే తెలిసింది. పనిదినాల్లో ఇంతటి ఘనకార్యాలు జరుగుతాయా?

సరే, ఇవన్నీ చిన్నాచితకా లాభాలు. గట్టి సాక్ష్యం కావాలంటే బిక్షమయ్య సంగతి వినండి.

బిక్షమయ్యకు ఆటోనగర్‌లో ఫైబర్ గ్లాస్ షెడ్డు ఉంది. నీళ్ల ట్యాంకులు, బాత్‌రూం తలుపులు చేస్తాడు. ఉద్యమం ఊపందుకున్నాక తెలంగాణ తల్లి విగ్రహాలు కూడా పోస్తున్నాడు. ఏడో తరగతిలోనే బడి మానేశాడు గానీ, మనుషుల్ని ఆటపట్టించడంలో ఆయన చదవని చదువు లేదు. ఒకసారి కొత్త అల్లుడు షెడ్డు చూడ్డానికి వస్తే, "జర గీ రెజిన్ కలుపుతుండు బిడ్డా" అని ఫైబర్ అతికించే ఆ జిగురు డబ్బా, చెంచా చేతికిచ్చి చాయ్ తాగడానికి పోయాడు. గట్టిపడే మందు అప్పటికే అందులో పడి ఉంది. ఆ చెంచా ఇప్పటికీ ఆ డబ్బాలో నిటారుగా నిలబడే ఉంది.

అలాంటి బిక్షమయ్య రెండేళ్లపాటు ఒకే ఒక్క మనిషిని తప్పించుకు తిరిగాడు. ఆయన పేరు త్రినాథరావు. అదే కాలనీ, మూడిళ్ల అవతల. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఏదో రిసార్టు వాళ్లు వదిలించుకుంటున్న పన్నెండడుగుల పాత ఫైబర్ పడవను తెచ్చి తన గేటు ముందు పడేశాడు. బాగుచెయ్యవయ్యా అని అడిగినప్పుడల్లా బిక్షమయ్యది ఒకటే మాట: "రేపొస్త సార్."

ఆ రేపు ఏడు వందల రోజులు రాలేదు. మరి ఎలా వచ్చింది? బంద్ తెచ్చింది!

ఆ రోజు షెడ్డు మూసి ఇంట్లో కూర్చుంటే, భార్య స్వరూపరాణి రెండు కిలోల ఎల్లిగడ్డ ముందు పోసి పొట్టు తియ్యమంది. పావుకిలో అయ్యేసరికి బిక్షమయ్యకు హఠాత్తుగా త్రినాథరావు మీద ప్రేమ పొంగింది. గ్రైండర్ చంకన పెట్టుకుని ఆయన గేటు ముందు తేలాడు.

పడవకు బలమంతా అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచిన రెండు కర్ర దూలాల్లో ఉంటుంది. వాటి మీద ఫైబర్ పొర కప్పి ఉంటుంది. బిక్షమయ్య ఆ పొర కోసి చూస్తే, దూలాలు నీళ్లు తాగి తాగి నానిన అటుకుల్లా ఉన్నాయి. వేలితో గీరితే పిడికెడు ఊడొచ్చింది.

"అయ్యే పనేనంటావా?" అన్నాడు త్రినాథరావు. "ఎంతైనా నువ్వు ట్యాంకులు చేసుకునేవాడివి. పడవ సంగతి మా గోదారోళ్లకే తెలియాలి."

ఆ మాట సూటిగా వెళ్లి బిక్షమయ్య మీసానికి తగిలింది. అది మామూలు మీసం కాదు. రెండు కొసలూ చెవుల వైపు ప్రయాణం పెట్టుకున్న మీసం.

"ఇనుండ్రి సార్. నేను చేసినంక గీ పడవ ఒక్క చుక్క కారినా, సగం మీసం గీయించుకొని ఎల్బీ నగర్ చౌరస్తాల నిలబడ్త. కారకపోతే మీరేం జేస్తరు?"

"ఏముంది, కూలి ఇస్తాను."

"కూలెవనికి గావాలె! మూడు సార్లు జై తెలంగాణ అనాలె. నిండు గొంతుతోని. అందరు ఇనాలె."

త్రినాథరావు మొహం వేలాడేశాడు. ఒక్కసారి అంటానన్నాడు. కుదరదన్నాడు బిక్షమయ్య. పోనీ మెల్లగా అంటానన్నాడు. అదీ కుదరదన్నాడు. చివరికి కిడ్నీ రాసిస్తున్నవాడిలా నిట్టూర్చి, "సరే, కానియ్" అన్నాడు. ఆ నిట్టూర్పు తలుచుకుని బిక్షమయ్య రెండ్రోజులు తనలో తనే నవ్వుకున్నాడు. మిగిలిన ఎల్లిగడ్డ కూడా నవ్వుతూనే ఒలిచాడట!

ఇక చూడండి. బంద్ ఉంటే పని, లేకపోతే లేదు. కుళ్లిన కర్ర గీకి పారేసి అడుగు ఎండబెట్టడానికి రెండు బంద్‌లు. కొత్త టేకు దూలాలు పరవడానికి ఒకటి. బయట పడవ ఒంటి మీది పగుళ్లు రాకి పూడ్చడానికి ఇంకో రెండు. ఇరవై నాలుగు గంటల బంద్ అయితే ఫైబర్ ఒక పొర, నలభై ఎనిమిది గంటల బంద్ అయితే రెండు పొరలు! నాయకులు బంద్ పొడిగించారంటే ఊరంతా పళ్లు నూరుతుంది కదా, బిక్షమయ్య మాత్రం "మంచిగ ఎండుతది" అనేవాడు.

అంతకంటే వింత ఏమిటంటే, రాష్ట్రం విడిపోకూడదని ఇంట్లో రోజూ దణ్ణం పెట్టుకునే త్రినాథరావు, పొద్దున్నే పేపర్ విప్పి ఈ వారం బంద్ లేదని తెలిస్తే దిగాలుపడిపోయేవాడు. "ఏంటయ్యా, మీ ఉద్యమం మరీ చల్లబడిపోయింది?" అని గోడ మీంచి అడిగేవాడు. జాతీయ సమైక్యత అంటే ఇదే కదండీ!

ఫైబర్ దుమ్ముకు కాలనీ కాలనీ గోక్కుంది. త్రినాథరావు భార్య కోటేశ్వరమ్మ ఏ కూర వండినా రెజిన్ వాసనే. ఆమె స్నానాల మగ్గు ఒకటి పొరపాటున దూలానికి అతుక్కుపోయి, పడవలో శాశ్వత సభ్యత్వం తీసుకుంది. అయినా ఎవరూ విసుక్కోలేదు. మీసం పోతుందా, నినాదం వస్తుందా అని అందరికీ అదే ఆత్రం.

పదో బంద్‌కు పని పూర్తయింది. పరీక్ష పెట్టాలి. బిక్షమయ్య ఏం చేశాడు? జన్మంతా ట్యాంకులకు ఏం చేశాడో అదే చేశాడు. పైపు పెట్టి పడవను అంచుదాకా నీళ్లతో నింపేశాడు! కింద పాత పేపర్లు పరిచి, గంటసేపు చుట్టూ తిరిగాడు. పేపర్లు పెళపెళలాడుతున్నాయి.

"ఇగ అనుండ్రి సార్!"

"ఏంటనేది? ట్యాంకులో నీళ్లు లోపలుండాలి. పడవకి బయటుండాలి కదయ్యా!"

బిక్షమయ్య పడవ చుట్టూ ఇంకోసారి తిరిగాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన్ని ఈ మాట అడిగినవాడు లేడు.

కాబట్టి నీళ్లున్న చోటికి పోవాలి. అల్మాస్‌గూడ అవతల ఒక కుంట మిగిలి ఉంది. తోపుడు బండి మీద పడవ పెట్టుకుని అంతదూరం ఈ ట్రాఫిక్‌లో పోగలరా? మళ్లీ బంద్ రావాల్సిందే. వచ్చింది, పదకొండోది! రోడ్డు ఖాళీ కావాలని బిక్షమయ్య పొద్దున్నే తనే ముందుపడి దుకాణాల షట్టర్లు దింపించాడు. కాలనీ మగవాళ్లు ఆరుగురు పడవను బండెక్కించి, చుట్టూ పట్టుకుని వాళ్లిద్దరితో బయల్దేరారు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, పొయ్యిల మీద కిచిడీ. పడవను, పక్కన త్రినాథరావును చూడగానే తెలిసినవాళ్లెవరో కేకేశారు: "అరె, ఆంధ్ర సార్ పడవ గట్టుకొని పోతుండురో!"

అందరూ గొల్లుమన్నారు. జేఏసీ నాయకుడు శైలేందర్ బండికి అడ్డం నిలబడ్డాడు. "జై తెలంగాణ అనుండ్రి సార్, బండి ఇడుస్తం."

త్రినాథరావు నోరు విప్పబోయాడు. బిక్షమయ్య ఎగిరి దూకి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు! అనొద్దు సార్!"

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాయన చెయ్యి ఆగిపోయింది. "ఏంది కాకా, నువ్వే వద్దంటున్నవ్?" అన్నాడు శైలేందర్.

"అరె బై, గాయన ఈడ్నే అనేస్తే ఆర్నెల్ల నా మెహనత్ ఏం గావాలె? పందెం ఉన్నది. కుంట కాడ అంటడు. నాది గ్యారంటీ."

ఆ విధంగా, ఆ రోజు చౌరస్తాలో నినాదం ఇవ్వకుండా దాటిపోయిన ఏకైక ఆంధ్రా మనిషిగా త్రినాథరావు నిలిచాడు. పైగా విస్తరాకులో కిచిడీ కట్టిచ్చి మరీ పంపారు. పందెం తేలేది చూడాలని శైలేందర్ బృందం కూడా వెంట నడిచింది.

కుంట ఒడ్డున పడవ దింపారు. అందరూ త్రినాథరావు వైపు చూశారు. త్రినాథరావు తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఎక్కుండ్రి సార్. గోదారోళ్లు గద!"

"మాది గోదావరి జిల్లాయే బిక్షమయ్యా. కానీ మెట్ట. ఎండాకాలం మా ఊరికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. పడవలంటావా, బస్సు కిటికీలోంచి చూడ్డమే. ఎప్పుడూ ఎక్కలేదనే కదా దీన్ని తెచ్చుకుంది!"

"మరి గిన్నేండ్లు గోదారోళ్లం గోదారోళ్లం అంటిరి?"

"ముందు మీరే అన్నారయ్యా. కాదంటే బాగోదని ఒప్పుకున్నాను."

ఇక చేసేదేముంది? మీసం ఎవరిదో వాళ్లే ఎక్కాలి. బిక్షమయ్య పడవలో కూర్చున్నాడు. ఆరుగురూ కలిసి ఒక్క తోపు తోశారు. పడవ ఊగింది, తూలింది, తేలింది! గుర్రపుడెక్కను చీల్చుకుంటూ హంసలా సాగి నడికుంటలో ఆగింది. బిక్షమయ్య మోకాళ్ల మీద వంగి అడుగంతా అరచేత్తో తడిమాడు. దూలాల పక్కన వేళ్లు దూర్చి చూశాడు. ఎక్కడా తడి లేదు.

"పొడి! ఒక్క చుక్క లేదు! ఇప్పుడు అనుండ్రి సార్!" అని మీసం మెలేశాడు.

త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తాడు. "జై తెలంగాణ!" అన్నాడో లేదో, కుంటలో కొంగలన్నీ లేచిపోయాయి. రెండోది ఇంకా పైన. మూడోదానికి శైలేందర్ బృందం తమకు తెలియకుండానే బదులిచ్చింది. ఆయన అక్కడా ఆగలేదు. నాలుగోది, అయిదోది కూడా ఉచితంగా ఇచ్చాడు.

బిక్షమయ్య నవ్వు సగంలో నిలిచిపోయింది. పన్ను పీకించుకునేవాడి గొంతు ఇలా ఉండదే?

"సార్, గింత సాఫ్‌గ ఎట్లొచ్చింది మీకు?"

"అలవాటేనయ్యా!" అన్నాడు త్రినాథరావు ఒడ్డు మీంచి. "ఎనిమిది నెలల్నుంచి మా ఆఫీసు గేటు దగ్గర రోజూ లంచ్ టైంలో అనేదే కదా. అంటేనే ధర్నా వాళ్లు లోపలికి పోనిస్తారు. ఆదివారాలు ఏదో వెలితిగా ఉంటుంది."

ఒడ్డు ఒడ్డంతా పగలబడి నవ్వింది. రోజూ మధ్యాహ్నం రోడ్డున పోయే ఎవరికైనా ఊరికే వినిపించే మాట కోసం తాను ఆర్నెల్లు దురద పెట్టుకుని, మీసం ఒడ్డాడన్నమాట!

"ఉండుండ్రి, ఒడ్డుకొస్త, మీ సంగతి చెప్త!" అని బిక్షమయ్య అటూ ఇటూ చూశాడు. మళ్లీ చూశాడు. పడవలో ఒక మగ్గు తప్ప ఏమీ లేదు. ట్యాంకుల మనిషీ, మెట్ట మనిషీ కలిసి ఆర్నెల్లు పడవ చేశారు గానీ, తెడ్డు అనేది ఒకటుంటుందని ఇద్దరికీ తట్టలేదు! మగ్గుతో తోద్దామంటే అది దూలానికి అతుక్కుని రానంటోంది. దూకి ఈదుదామంటే చుట్టూ గుర్రపుడెక్క, దాని కింద నాలుగు కాలనీల డ్రైనేజీ.

"అరె శైలేందర్, ఉరికి తాడు పట్కరా!"

"యాడికెల్లి తేవాలె కాకా? దుకాణాలన్నీ మూసున్నయ్ కదనే. పొద్దుగాల షట్టర్లు దింపనీకి ముందు వడ్డది నువ్వే!"

"మల్ల ఎప్పుడు తీస్తరు?"

"సాయంత్రం ఆరింటికి."

అప్పటికింకా పన్నెండు కాలేదు. త్రినాథరావు ఒడ్డున నీడ చూసుకుని కూర్చుని, కిచిడీ పొట్లం విప్పాడు. నడికుంటలోంచి బిక్షమయ్య గొంతు చించుకుని అరిచాడు:

"ఎవడు వెట్టిండ్రా గీ బంద్!"